ఎస్ కింద కామా

రొమేనియాలోని తిమిష్వారాలో నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మకు డెబ్భై దాటాయి. చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. నేను 'ద్వామ్న' అని పిలుస్తాను, మన 'అమ్మగారూ' లాంటి మాట అది. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది ఈస్టర్ రోజు పొద్దున్నే ఆవిడకి ఫోన్లో రెండు మాటల్లో శుభాకాంక్షలు పంపాను, ఆఫీసు గ్రూపులో అందరూ పెట్టినవి చూసి అచ్చం అలాగే టైప్ చేసి. సాయంత్రం నన్ను కిందికి పిలిచారు. కొజొనాక్ రెండు ముక్కలు ప్లేట్లో పెట్టారు, అది వాళ్ళ పండగ రొట్టె, లోపల అక్రోట్ల ముద్ద చుట్టలా తిరిగి ఉంటుంది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని కరెంటు బిల్లు వెనకాల పెన్నుతో రెండు మాటలు రాశారు. రెండూ ఒకేలా ఉన్నాయి. రెండోదాంట్లో మాత్రం ఎస్ అక్షరం కింద, దానికి తగలకుండా, ఒక చిన్న కామా.

"ఇది చదువు," అన్నారు మొదటిదాని మీద వేలు పెట్టి.

"పాస్తె."

"అంటే పాస్తా, ఉడకబెట్టుకుని తినేది. ఇప్పుడు ఈ రెండోది. పాష్తె. ఇదీ పండగ. నువ్వు పంపినదాంట్లో ఈ కామా లేదు బాబూ."

ఆవిడ కోప్పడలేదు, నవ్వనూ లేదు. బళ్ళో పిల్లాడికి చెప్పినట్టే చెప్పారు. కామా వేసేటప్పుడు పెన్ను ఎత్తి, కొంచెం కిందికి జరిపి, మళ్ళీ ఆనించడం కూడా చూపించారు. ఆ బిల్లు కాగితం ఇప్పటికీ నా డైరీలో ఉంది. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే. మనవాళ్ళు ఇప్పుడు ఉద్యోగాలకీ చదువులకీ ఇటువైపు వస్తున్నారు, ఇక్కడికి రాకపోయినా ఈ భాషలో అప్లికేషన్లు తయారుచేసేవాళ్ళు హైదరాబాద్‌లోనే ఉన్నారు, వాళ్ళకి ఈ కామా సంగతి ఎవరో ఒకరు తెలుగులో చెప్పాలి కదా.

రొమేనియన్ అక్షరమాలలో 31 అక్షరాలు. వాటిలో ఐదు మన మామూలు ఇంగ్లీష్ కీబోర్డు మీద ఉండవు. ఎ మీద గిన్నెలా పైకి తెరుచుకున్న వంపు గీత ఉన్నది ఒకటి, ఎ మీద ఇంటి కప్పులా కోణం ఉన్నది ఇంకొకటి, ఐ మీద అదే ఇంటి కప్పు, ఎస్ కింద కామా, టి కింద కామా. అందరూ వీటిని గుర్తులు అంటారు, తీసేసినా పోయేదేం లేదన్నట్టు. కానీ ఇవి పూర్తి అక్షరాలు, అక్షరమాలలో ఒక్కోదానికి దాని స్థానం దానికి ఉంది. మనకి న, ణ వేరు, ల, ళ వేరు ఎలాగో ఇదీ అలాగే.

తెలుగువాడికి ఇందులో ఒక పెద్ద సుఖం ఉంది, మొదట్లో నాకు తెలియలేదు. వాళ్ళ ఉత్తి ఎ మన 'ఆ'కి దగ్గర, గిన్నె ఉన్న ఎ మన 'అ'కి దగ్గర. ఎస్ కింద కామా ఉంటే మన 'ష'. టి కింద కామా ఉంటే 'త్స' అనే శబ్దం, అంటే చలి, చుక్క, చాప అనేటప్పుడు చాలామంది తెలుగువాళ్ళ నాలుక మీద వచ్చే చ. ఇంటి కప్పు ఉన్న రెండింటికీ శబ్దం ఒక్కటే, దానికి మాత్రం మన దగ్గర అక్షరం లేదు, పెదాలు గుండ్రం చేయకుండా 'ఉ' అనడానికి ప్రయత్నిస్తే దాదాపు వస్తుంది. ఇప్పుడు చూడండి. ఫాత అంటే ఒక అమ్మాయి. ఫాతా అంటే ఆ అమ్మాయి. ఫాత్స అంటే ముఖం. ఫాత్సా అంటే ఆ ముఖం. తెలుగులో రాస్తే నాలుగూ నాలుగు మాటలుగా కనిపిస్తున్నాయి. ఇంగ్లీష్ కీబోర్డుతో గిన్నె, కామా లేకుండా కొడితే నాలుగూ ఒక్కటే మాట! 'ఒక' అనే అర్థానికీ 'ఆ' అనే అర్థానికీ తేడా అంతా చివరి ఎ మీద గిన్నె ఉందా లేదా అన్నదాని మీదే నిలబడుతుంది, స్త్రీలింగ పదాల్లో మరీనూ. కాస అంటే ఇల్లు, కాసా అంటే ఆ ఇల్లు. గిన్నె తీసేస్తే పోయేది అలంకారం కాదు, వ్యాకరణం.

చేపకీ అంతే. పెష్తె అంటే చేప, పెస్తె అంటే మీదుగా, అవతలికి అని. కప్పు, గిన్నె తీసేస్తే నదికీ, 'చెడ్డ' అనే మాటకీ తేడా మిగలదు.

మనం ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు కొట్టేటప్పుడు జరిగేది ఇదే కదా. నది, నాది, నాడి మూడూ ఒకటైపోతాయి. మా అమ్మ ఖమ్మం నుంచి కుటుంబం గ్రూపులో ఇంగ్లీష్ అక్షరాల్లోనే మెసేజ్‌లు పెడుతుంది. పోయిన చలికాలం ఒకరోజు నొప్పిగా ఉందని పెట్టింది, ఎక్కడ నొప్పి అన్నదానికి కొట్టిన మాట కళ్ళు అని చదవొచ్చు, కాళ్ళు అనీ చదవొచ్చు. డాలస్‌లో ఉన్న మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళు, ఆదివారం తెలుగు బడికి వెళ్తాడు, వాడు నాకు ఫోన్ చేసి "మావయ్యా, అమ్మమ్మకి నొప్పి కళ్ళా, కాళ్ళా?" అని అడిగాడు. నాకూ తెలియలేదు. ఇద్దరం ఆగి అమ్మకి ఫోన్ చేశాం. కాళ్ళు. షుగరుంది కాబట్టి ఏది అయినా టెన్షనే, కానీ ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో అన్నది ఆ ఒక్క దీర్ఘంలో ఉంది.

"సందర్భాన్ని బట్టి అర్థమవుతుంది కదా" అనే మాట ఇక్కడా వింటాను, అక్కడా వింటాను. అర్థమవుతుంది, నిజమే, కానీ భాష ముందే వచ్చినవాడికి. రానివాడికి ఆ గిన్నె, ఆ కామానే భాష. నేను మొదటి ఏడాది రొమేనియన్ నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, ఆఫీసు చాట్‌లో. అక్కడ ఒక్కరూ గిన్నెలు, కామాలు పెట్టరు. థాంక్స్ చెప్పడానికి ముల్త్సుమెస్క్ అనాలి, టి కింద కామా ఉంది దాంట్లో. నేను చాట్‌లో చూసింది కామా లేని టి కాబట్టి ఎనిమిది నెలలు ముల్తుమెస్క్ అనే అన్నాను, కొట్టులో, బస్సులో, డాక్టరు దగ్గర. ఎవరూ దిద్దలేదు, మర్యాదస్తులు. అలా తప్పుగా నోటికెక్కిన మాటలు యాభై దాకా ఉంటాయి, వాటిని విప్పి మళ్ళీ నేర్చుకోవడానికి కొత్తవి నేర్చుకోవడం కంటే ఎక్కువ కష్టపడ్డాను. చూపు లేనివాళ్ళకి తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా అంతే, ఏది రాసి ఉంటే అదే చదువుతుంది.

ఇక రెండో సంగతి, దీన్ని సాఫ్ట్‌వేర్ వాళ్ళు కొంచెం నిదానంగా చదవండి. కామా పెట్టడం వేరు, సరైన కామా పెట్టడం వేరు. ఎస్ కింద తోక అతుక్కుని, కొంచెం వంకర తిరిగి ఉండే అక్షరం ఇంకొకటుంది, దాని తోకని సెడిల్లా అంటారు, టర్కీ భాషది అది. రొమేనియన్ ఎస్‌కి ఉండేది కామా, అక్షరానికి తగలకూడదు. కానీ 1980ల్లో కంప్యూటర్ల కోసం మధ్య, తూర్పు యూరప్ భాషల అక్షరాల పట్టిక తయారుచేసినప్పుడు రొమేనియన్ అక్షరాల్ని కూడా సెడిల్లాతోనే పెట్టేశారు. కామా ఉన్న అసలు అక్షరాలకి యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టికలో, వేరే స్థానం వచ్చింది 1999లో, 3.0 వెర్షన్‌లో. స్థానం వచ్చినా ఫాంట్లలో బొమ్మ లేదు, విండోస్ ఎక్స్‌పీలో కామా ఎస్ టైప్ చేస్తే ఖాళీ డబ్బా కనిపించేది. 2007 జనవరి 1న రొమేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరి, వాళ్ళ భాష అక్కడ అధికార భాష అయిన సమయంలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ కోసం విడిగా ఫాంట్ల అప్‌డేట్ ఇచ్చింది. ఎక్స్‌పీ తర్వాతి విండోస్ అయిన విస్టా నుంచి కీబోర్డు కూడా సరైనది వచ్చింది. ఆ మధ్య ఏళ్ళన్నీ జనం సెడిల్లాతోనే రాశారు, తప్పు వాళ్ళది కాదు, వేరే దారి లేదు. ఆ రాసిందంతా ఇప్పటికీ అలాగే ఉంది.

మనకీ దీనికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ ఒకటుంది. ఇందాక చెప్పిన చలి, చుక్కల్లోని చ కోసం పాత నిఘంటువుల్లో వేరే అక్షరం వాడేవాళ్ళు, చ నెత్తిన తెలుగు అంకె రెండు లాంటి గుర్తుతో: ౘ. బ్రౌన్ నిఘంటువు తిరగేసినవాళ్ళకి తెలుసు. అది యూనికోడ్‌లోకి వచ్చింది 2008లో. మీ ఫోన్లో అది అక్షరంగా కనిపించిందా, డబ్బాగా కనిపించిందా? డబ్బా కనిపించినవాళ్ళకి, ఇరవై ఏళ్ళ కిందట రొమేనియావాళ్ళు సొంత ఊరి పేరు టైప్ చేస్తే ఎలా ఉండేదో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఈ రెండు ఎస్‌ల గొడవ నా మెడకి ఎలా చుట్టుకుందో చెబుతాను. మేము చేస్తున్న ఒక అప్లికేషన్‌లో ఊరి పేరు టైప్ చేస్తే చిరునామాలు రావాలి. తిమిష్వారా అని కొడితే కొన్ని వస్తున్నాయి, కొన్ని రావట్లేదు. రాని వాటిని తెర మీద చూస్తే పేరు స్పష్టంగా కనిపిస్తోంది, అక్షరం కింద చుక్కతో సహా. రెండు రోజులు కోడ్ అంతా తవ్వాం. చివరికి నేను రెండు పేర్లనీ పక్కపక్కన పెట్టి, తెరని 400 శాతం పెద్దది చేసి చూశాను. ఒకదాంట్లో తోక ఎస్‌కి అంటుకుని ఉంది, ఇంకోదాంట్లో ఊడి ఉంది. లోపలి నంబర్లు చూస్తే ఒకటి 015ఎఫ్, ఇంకొకటి 0219. డేటా రెండు చోట్ల నుంచి వచ్చింది, పాతది సెడిల్లా, కొత్తది కామా. యూనికోడ్‌లో రకరకాలుగా రాసిన ఒకే అక్షరాన్ని ఒక రూపానికి తెచ్చే నార్మలైజేషన్ అనే పద్ధతి ఉంది, అది చేసేస్తే సరిపోతుందని మావాళ్ళు అన్నారు. సరిపోదు. యూనికోడ్ లెక్కలో అవి రెండూ పూర్తిగా వేరు అక్షరాలు, ఏ నార్మలైజేషనూ కలపదు. మనమే చేత్తో మార్చాలి, 015ఈని 0218గా, 015ఎఫ్‌ని 0219గా, 0162ని 021ఎగా, 0163ని 021బిగా. నాలుగే నాలుగు మార్పులు. కాకపోతే ఆ డేటాలో టర్కీ పేర్లు ఉన్నాయేమో ముందు చూసుకోండి, వాళ్ళ ఎస్‌కి సెడిల్లానే సరైనది, మనం దిద్దబోయి వాళ్ళ పేరు చెడగొట్టకూడదు. వెతికే చోట మాత్రం కామా ఉన్నా, సెడిల్లా ఉన్నా, ఏదీ లేకపోయినా దొరికేలా చేయండి, డెక్స్‌ఆన్‌లైన్ అనే వాళ్ళ నిఘంటువు సైట్లో ఉత్తి అక్షరాలతో వెతికినా మాట దొరుకుతుంది. దొరికిన మాటని చూపించేటప్పుడు మాత్రం సరైన అక్షరాలతోనే చూపిస్తుంది.

గిన్నెతో కూడా జాగ్రత్త. కోణంగా ఉండే తలకిందుల టోపీ వేరే అక్షరం, అలలా వంకర తిరిగిన గీత ఇంకో అక్షరం, చిన్న సైజులో మూడూ ఒకేలా కనిపిస్తాయి. పాత సినిమాల సబ్‌టైటిల్ ఫైళ్ళు తెరిస్తే గిన్నె ఎ బదులు అల ఉన్న ఎ, కామా ఎస్ బదులు డిగ్రీ గుర్తు లాంటి చిన్న సున్నా, కామా టి బదులు ఐస్‌లాండ్ వాళ్ళ అక్షరం ఒకటి వచ్చి కూర్చుంటాయి. ఫైలు పాడవలేదు, ఒక పట్టికతో రాసినదాన్ని ఇంకో పట్టికతో చదువుతున్నారంతే. యూనికోడ్‌కి ముందు మన తెలుగు పేపర్ల సైట్లు వాటి ఫాంటు లేకుండా తెరిస్తే ఏమయ్యేదో గుర్తున్నవాళ్ళకి ఇది కొత్త కాదు.

ఇంటి కప్పు కథ వేరు. ఎ మీద కప్పు, ఐ మీద కప్పు, శబ్దం ఒకటే, మరి రెండెందుకు? ఇక్కడివాళ్ళు వాటిని 'ఎ లోంచి వచ్చింది', 'ఐ లోంచి వచ్చింది' అని చెప్పుకుంటారు, లాటిన్ మూలాన్ని బట్టి. 1953లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్నప్పుడు స్పెల్లింగ్ సంస్కరణ చేసి దాదాపు అన్నిచోట్లా ఐ మీద కప్పే ఉంచారు, దేశం పేరులో కూడా. పన్నెండేళ్ళు తిరిగేసరికి దేశం పేరుకీ దానికి సంబంధించిన మాటలకీ ఎ తిరిగి వచ్చింది, ఎందుకంటే ఆ పేరులో రోమ్ కనిపించాలి. 1993లో రొమేనియన్ అకాడమీ ఇప్పటి నియమం పెట్టింది: మాట మొదట్లో, చివర్లో ఐ మీద కప్పు, మధ్యలో ఎ మీద కప్పు. ముందు ఉపసర్గ చేరి మధ్యలోకి వచ్చినా అసలు మాట మొదట్లో ఐ ఉంటే అది ఐగానే ఉంటుంది. చాలామంది భాషావేత్తలు ఈ నియమం ఒప్పుకోలేదు, శబ్దం ఒకటైనప్పుడు అక్షరం ఒకటి చాలన్నారు, నాకూ వాళ్ళ వాదన సబబుగానే అనిపిస్తుంది. అయినా రాసేటప్పుడు 1993 నియమమే పాటిస్తాను. వేరేవాళ్ళ ఇంట్లో ఉంటూ వాళ్ళ వంటింట్లో డబ్బాలు నాకు నచ్చినట్టు మార్చలేను కదా.

అక్షరాల గురించి ఇంత పట్టింపు ఏమిటి అనుకునేవాళ్ళు పక్కనే ఉన్న మోల్డోవా సంగతి తెలుసుకోవాలి. మాట్లాడేది ఇదే భాష. సోవియట్ కాలంలో దాన్ని రష్యా లిపిలో రాయించారు. 1989 ఆగస్టులో కిషినవ్‌లో జనం లక్షల్లో చేరి తమ భాషకి అధికార హోదా, లాటిన్ లిపి కావాలని అడిగారు, ఆగస్టు 31న చట్టం వచ్చింది. ఇప్పటికీ ఆ రోజు అక్కడ సెలవు, భాష పండగ. వాళ్ళ రాజధాని పేరులోనే ఒక కామా, ఒక గిన్నె ఉన్నాయి.

జనం ఎందుకు మానేశారో కూడా న్యాయంగా చెప్పాలి. ఎస్ఎంఎస్ రోజుల్లో ఇంగ్లీష్ అక్షరాలైతే ఒక మెసేజ్‌కి 160 పట్టేవి. గిన్నె ఎ ఒక్కటి పెట్టినా మెసేజ్ మొత్తం యూనికోడ్‌లోకి మారి 70కి పడిపోయేది, అంటే రెండు మూడు మెసేజ్‌ల డబ్బులు. తెలుగుకీ అదే 70, మనం ఇంగ్లీష్ అక్షరాలకి అలవాటు పడటానికి అదొక కారణం. ఆ రోజులు పోయాయి, అలవాటు మిగిలింది.

పేర్ల దగ్గర నాకు మరీ బాధ. 1976 మోంట్రియల్ ఒలింపిక్స్‌లో పద్నాలుగేళ్ళ రొమేనియా అమ్మాయి నాదియా జిమ్నాస్టిక్స్‌లో పదికి పది తెచ్చుకుంది, ఒలింపిక్స్‌లో అదే మొదటిసారి. స్కోరు బోర్డులో పది చూపించే చోటు లేక 1.00 అని పడింది. ఆ అమ్మాయి ఇంటిపేరు కొమనెచ్, మధ్యలో గిన్నె ఎ ఉంది, మనం ఇప్పటికీ కొమనేసి అంటాం. నియంత చవుషెస్కు పేరులో ఎస్ కింద కామా ఉంది, అది ఇంగ్లీష్ వార్తల్లో రాలిపోయి తెలుగులో 'స' అయి కూర్చుంది. ఇందోర్ మహారాజు కోసం ఆలయం కట్టాలనుకున్న శిల్పి, ఆ కట్టడం జరగనే లేదు, ఆయన పేరు చివర ఉన్నదీ కామా ఎస్సే, బ్రన్‌కుసి కాదు, బ్రున్‌కుష్. తెలుగు లిపికి 'ష' రాయడం చేతకాక కాదు, మన దాకా వచ్చేసరికి కామా పోయింది.

చేయాల్సింది పెద్ద పని కాదు. ఫోన్లో రొమేనియన్ కీబోర్డు చేర్చుకోండి, ఇంగ్లీష్ కీబోర్డులో ఎస్ నొక్కి పట్టుకుని తీసుకుంటే టర్కీ ఎస్ రావచ్చు. విండోస్‌లో రొమేనియన్ ప్రోగ్రామర్స్ అనే లేఅవుట్ పెట్టుకుంటే ఇంగ్లీష్ టైపింగ్ ఏమీ మారదు, కుడివైపు ఆల్ట్ పట్టుకుని ఎ కొడితే గిన్నె ఎ, క్యూ కొడితే కప్పు ఎ, ఐ కొడితే కప్పు ఐ, ఎస్, టి కొడితే కామాలతో వస్తాయి. లెగసీ అని ఉన్నది మాత్రం ఎంచుకోకండి, అది సెడిల్లా ఇస్తుంది. నాకు చేతికి అలవాటవ్వడానికి వారం పట్టింది.

ఈ వసంతంలో ద్వామ్న కొత్త ఫోన్ కొనుక్కున్నారు. ఇన్నేళ్ళూ ఆవిడ పంపిన మెసేజ్‌ల్లో కూడా కామాలు ఉండేవి కావు, నేను గమనించాను గానీ పెద్దావిడని ఎలా అడుగుతానని ఊరుకున్నాను. అడిగితే తెలిసింది, పాత ఫోన్ కొడుకు ఇంగ్లీష్ కీబోర్డుతో సెట్ చేసి ఇచ్చాడట, మార్చుకోవచ్చని ఆవిడకి తెలియదు. చేత్తో రాసేటప్పుడు ఒక్క కామా వదలని మనిషి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రొమేనియన్ చేర్చి చేతికిచ్చాను. చూపుడు వేలుతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ముల్త్సుమెస్క్ అని కొట్టారు. పంపలేదు. కళ్ళజోడు పైకి జరుపుకుని, ఫోన్ ముఖం దగ్గరికి తెచ్చుకుని, టి కింద చాలాసేపు చూశారు.

"తగలట్లేదు," అన్నారు.